ఖోకాలకు అంటిన జిడ్డు

గల్ఫ్ పోయొచ్చినవాడు కనబడితే ఊళ్లో కుర్రకారు అడిగేది ఒకటే, అక్కడ ఏం పని చేశావు అని. తాపీ పని అంటే తలూపుతారు. డ్రైవరు అంటే ఏ బండి అని అడుగుతారు. నేను ఖాళీ తూటాలు కడిగాను అంటే మాత్రం ముందు నవ్వుతారు, ఆ తర్వాత ఏదో దాస్తున్నానని అనుమానపడతారు. దాచడానికేమీ లేదు. ఆరేళ్లు అదే నా ఉద్యోగం. ఇత్తడి గుల్లలకు అంటిన జిడ్డు వదిలించడం. ఆ ఆరేళ్లలో ఒక వారం సంగతి ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా పనుల్లోకి దిగే మీకు ఇది పనికొస్తుందో లేదో తెలియదు. నేను చేసిన తప్పు లాంటిది ఎలాగూ మీరూ ఒకటి చేస్తారు. చేసినప్పుడు నా పక్కన ఉన్నవాళ్లలాంటి మనుషులు మీ పక్కన కూడా ఉంటే బాగుండునని మాత్రం అనుకుంటాను.

మాది కోరుట్ల దగ్గర ఊరు. ఎనభైల మొదట్లో దుబాయ్ పోయాను. కఫీల్ ది, అంటే వీసా ఇచ్చిన యజమానిది, ఇళ్లు కట్టే కంపెనీ. అల్ కుసైస్ లో క్యాంపు, గదికి పన్నెండు మందిమి. ఒకసారి మా కంపెనీకి ఎడారి అంచున ఉన్న ఒక షూటింగ్ క్లబ్బుకు ప్రహరీ కట్టే పని వచ్చింది. గోడ అయిపోయాక మావాళ్లంతా జెబెల్ అలీ పనులకు పోయారు. క్లబ్బువాళ్లకు లక్ష్యాల బోర్డుల మీద పడ్డ రంధ్రాలకు కాగితాలు అతికించే మనిషి కావలసి వచ్చింది. పదో తరగతి పాసయ్యాను, ఇంగ్లీషు అంకెలు చదువుతాను. నన్ను ఉంచేసుకున్నారు.

కాగితాలు అతికించే నన్ను లోపలి గదికి పిలిచింది ఉస్తాద్. ఆయన బలూచీ, అరవై దాటినవాడు. ఏదో ఫౌజులో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరై వచ్చాడు. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం. ఎడమ చెవి బొత్తిగా వినపడదు. ఎవరైనా మాట్లాడితే కుడి చెంప ముందుకు చాపేవాడు, కొత్తవాళ్లకు ముద్దు అడుగుతున్నట్టు ఉండేది. మేం మాట్లాడుకున్నదంతా హిందీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆయన నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. మన తెలంగాణ వాళ్లందరూ అక్కడ హైదరాబాదీలే కాబట్టి నేను కూడా హైదరాబాదీనే.

ఆ గదిలో పని ఇది. పోటీల్లో కాల్చే తూటాలు విదేశాల నుంచి రావడం ఆలస్యమయ్యేది. అందుకని సభ్యులు పేల్చేసిన తూటాల గుల్లలనే ఏరి తెచ్చి, వాటిని ఖోకాలు అంటారు, పర్మిట్ మీద, తాళం వేసిన గదిలో మళ్లీ నింపేవాళ్లు. పేలినప్పుడు ఖోకా కొంచెం ఉబ్బుతుంది. ఉక్కు సాంచాలో, అంటే అచ్చులో పెట్టి ప్రెస్సు లాగితే మళ్లీ పాత కొలతకు వస్తుంది. ఒట్టిగా లాగితే సాంచాలో ఇరుక్కుపోతుంది కాబట్టి ముందు దానికి గొర్రె ఉన్ని నుంచి తీసిన కొవ్వు పూయాలి. పూయడం ఒక్క క్షణం పని. తర్వాత దాన్ని పూర్తిగా వదిలించడమే అసలు పని, అది నాది. మందు నింపడం, గుండు బిగించడం ఉస్తాద్ తప్ప ఎవరూ ముట్టకూడదు.

మొదటి రోజే నేను అడిగాను, కొంచెం జిడ్డు ఉంటే ఏమైతది అని. ఆయన ఒక ఖోకాను తన పిడికిట్లో బిగించి చూపించాడు. "పేలేటప్పుడు ఇది తుపాకీ గోడను ఇలా పట్టుకోవాలి. జిడ్డు ఉంటే జారుతుంది. జారితే వెనక్కి వచ్చి తుపాకీ గడియను కొడుతుంది. గడియ వెనక ఏముంటుంది?"

నేను ఆలోచిస్తుంటే ఆయనే తన కంటి కింద వేలు పెట్టి చూపించాడు.

"ఇక లోపల జిడ్డు ఉంటే మందు పాడవుతుంది. పేలదు, లేదా ఆలస్యంగా పేలుతుంది. పేలనిదానికంటే ఆలస్యంగా పేలేది చెడ్డది."

జిడ్డు తీయడానికి ఒక యంత్రం ఉండేది. అక్రోటు పెంకుల పొడి వేసిన పీపా, కింద చిన్న మోటారు. ఖోకాలు అందులో పోసి తిప్పితే రెండు మూడు గంటల్లో శుభ్రపడేవి. ఆ తర్వాత ఉస్తాద్ ఒక్కొక్కదాన్నీ తీసుకుని, చిటికెన వేలి గోరుతో మూతి లోపల ఒకసారి గీకి, బొటనవేలితో ఒంటిని రాసి చూసేవాడు. పదింట్లో ఒకటి నా వైపు తిరిగొచ్చేది. నాకు తేడా తెలిసేది కాదు. కళ్లు మూసుకుని చూడమనేవాడు. అప్పుడూ తెలిసేది కాదు. క్యాంపులో గదివాళ్లు నన్ను ఎగతాళి చేసేవాళ్లు, మేం మేడలు కడ్తున్నం, నువ్వు తుక్కు తుడుస్తున్నవు అని. ఎప్పటికైనా ఉస్తాద్ పక్కన అసిస్టెంట్ అనిపించుకోవాలని నా కోరిక. ఈ కోరిక సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఒక ఏడాది చలికాలంలో, పెద్ద పోటీ మూడు వారాలు ఉందనగా, మోటారు కాలిపోయింది. అబూదాబీ నుంచి, మస్కట్ నుంచి అతిథులు వచ్చే పోటీ అది. కొత్త మోటారు ఇంగ్లండు నుంచి రావాలన్నారు. అదే వారం ఉస్తాద్ కు ఊరి నుంచి కబురొచ్చింది, అన్న చనిపోయాడని. పన్నెండు రోజుల సెలవు మీద మక్రాన్ వెళ్లాడు. వెళ్లే ముందు సైజు చేసిన ఖోకాల పెట్టెలు నాకు అప్పగించాడు.

"పెట్రోలు, గుడ్డ. ఒక్కొక్కటి విడిగా తుడువు. లోపల పుల్లకు దూది చుట్టి తుడువు. ఎన్ని చేశావని అడగను. చేసినవి బాగా చెయ్యి."

రెండు రోజులు అలాగే చేశాను. పెట్రోలుకు వేళ్లు పగిలాయి. చూస్తే పెట్టెలో ఒక మూల కూడా కదల్లేదు. మూడో రోజు నా బుర్రలో ఒక ఉపాయం పుట్టింది. ఒక పెద్ద డబ్బాలో కిరసనాయిలు పోసి, ఖోకాలన్నీ ఒకేసారి అందులో వేసి కలియబెట్టాను. తీసి గోనె మీద ఆరబోశాను. జిడ్డు కరిగిందనిపించింది గానీ రంగు మాత్రం మసిబారినట్టు ఉంది. మెరిస్తేనే కదా చూసేవాళ్లకు శుభ్రం అనిపించేది. నిమ్మ ఉప్పు కోసం క్యాంటీనుకు పోయాను.

క్యాంటీనులో గిన్నెలు కడిగే ఆవిడ కోనసీమ మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఒక అరబ్బు ఇంట్లో వంటకు వచ్చి, ఆ ఇంటివాళ్లు వేరే దేశం పోతే ఇక్కడికి మారింది. క్లబ్బు మొత్తానికి తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నా యాస ఆవిడకు నవ్వు, ఆవిడ యాస నాకు నవ్వు. నేను అక్కా అనేవాడిని.

"అక్కా, జర నిమ్మ ఉప్పు ఉంటే ఇయ్యరాదే."

"నిమ్మ ఉప్పుతో నీకేం పని తమ్ముడూ? తూటాలకి పులిహోర కలుపుతున్నావా ఏంటి?"

పొట్లం కట్టి ఇచ్చింది. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి ఖోకాలు ముంచితే కొత్త పెళ్లికూతురి గాజుల్లాగ తళతళలాడాయి. ఉస్తాద్ చెప్పినట్టు చేస్తే నెల పట్టే పని నేను రెండు రోజుల్లో చేశాను. ముదీర్, అంటే క్లబ్బు మేనేజరు, లోపలికి వచ్చి చూశాడు. స్థానిక అరబ్బు, బొంబాయిలో కొన్నాళ్లు చదువుకున్నవాడు, హిందీ బాగా వచ్చు. ఒకటి చేతిలోకి తీసుకుని, "మాషా అల్లా, బంగారంలా ఉన్నాయి" అన్నాడు. నా జీవితంలో ఒక ముదీర్ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

గుప్పెడు ఖోకాలు పట్టుకుని అక్కకు చూపించడానికి పోయాను. అక్క గ్లాసులు కడుగుతోంది. ఒకటి అందుకుని వేళ్ల మధ్య తిప్పింది.

"జిడ్డు పోలేదు తమ్ముడూ."

"ఏమంటున్నవక్కా, మొఖం కనవడుతుంది చూడు అందులో."

"మొహం కనబడ్డం వేరు, జిడ్డు పోవడం వేరు." పక్కనున్న చెంబుతో ఖోకా మీద కాసిని నీళ్లు పోసింది. "ఇదిగో. నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోతన్నాయి చూశావా? శుభ్రంగా ఉంటే పొరలాగ పరుచుకుని జారిపోవాలి. మా నాన్న పెళ్లిళ్లకి వంటలు చేసేవాడు. ఆ గంగాళాలు కడిగేది నేనే. చుక్క కట్టిందంటే ఇంకోసారి తోమాల్సిందే, లేపోతే మర్నాడు పాయసం నూనె కంపు కొడుద్ది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో ఇప్పుడైతే తెలుసు. గిన్నెలు తోమే మనిషి నా పనికి వంక పెట్టడమేంటనుకున్నాను. "ఇవి గంగాళాలు కావక్కా, ఇది వేరే లెక్క" అని ఖోకాలు తీసుకుని వచ్చేశాను. ఆవిడ మళ్లీ గ్లాసులు కడగడంలో పడింది.

ఉస్తాద్ తిరిగి వచ్చేసరికి పోటీకి ఇంకా వారం ఉంది. మనిషి చిక్కిపోయాడు. గోరింటాకు పెట్టుకోలేదు, గడ్డం మొదళ్లలో తెల్లగా కనిపిస్తోంది. గదిలోకి వచ్చి పెట్టెల వైపు చూశాడు. అన్నీ మెరుస్తున్నాయి. ఎప్పటిలాగ కూర్చుని ఒక్కొక్కటీ చూస్తాడని నేను ఎదురుచూశాను. చూడలేదు. నా వైపు కుడి చెంప తిప్పి అడిగాడు.

"సాఫ్ హై?"

"బిల్కుల్ సాఫ్, ఉస్తాద్."

నాలుగు రోజులు కూర్చుని ఆయన వాటిని నింపాడు. ఆ నాలుగు రోజులూ అక్క మాట నా చెవిలో ఉంది. ప్రెస్సు చప్పుడు వినబడినప్పుడల్లా ఇప్పుడు చెబుదాం అనుకునేవాడిని. పెట్టె నిండేకొద్దీ చెప్పడం కష్టమైంది. మొదటి రోజు చెప్పి ఉంటే అర పెట్టెతో పోయేది.

పోటీ శుక్రవారం. బుధవారం పొద్దున తూటాలు పరీక్షించడానికి క్లబ్బులో అందరికంటే పెద్దాయన వచ్చాడు. డెబ్బైకి దగ్గర్లో ఉన్న స్థానికుడు. కుర్రతనంలో ముత్యాల పడవల మీద పని చేశాడట. ఊపిరి బిగబట్టడం సముద్రంలోనే నేర్చుకున్నానని చెప్పేవాడు. గురి చూస్తున్నప్పుడు ఆయన వీపు కదిలేది కాదు. ఉస్తాద్ ఆయన పక్కన నిలబడ్డాడు. నేను వెనక.

మొదటి రెండు తూటాలు బాగానే పేలాయి. మూడోదానికి టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది, అంతే. నా చెయ్యి అనుకోకుండా ముందుకు పోయింది. ఉస్తాద్ తన చెయ్యి అడ్డం పెట్టి, "కదలొద్దు" అన్నాడు, మెల్లగా, ఆ పెద్దాయనతో. ఆయన అసలు కదలనే లేదు. తుపాకీ లక్ష్యం మీదే ఉంది. నేను మనసులో ఒకటి అని లెక్కపెట్టేంతలో ధడేల్ మని పేలింది. అదే వేరేవాడైతే ఏమైందోనని గడియ తీసి ముఖం దగ్గర పెట్టుకుని చూసేవాడు. నాలుగోది పేలలేదు. చాలాసేపు ఆగి ఉస్తాద్ తనే బయటికి తీశాడు. ఐదోది పేలింది గానీ గడియ తెరవడానికి పెద్దాయన అరచేత్తో కొట్టాల్సి వచ్చింది.

"ఖలాస్" అన్నాడు ఉస్తాద్. తుపాకీ తీసుకుని బల్ల మీద పెట్టాడు.

గదిలోకి వచ్చి పేలని తూటాను విప్పాడు. మందు మూతి దగ్గర ముద్దకట్టి ఉంది. అందులో కొంచెం వేలికి రాసుకుని వాసన చూశాడు. "మిట్టీ కా తేల్" అన్నాడు. అంటే కిరసనాయిలు. నా వైపు చూడలేదు.

అప్పటికే ముదీర్ వచ్చేశాడు. విషయం విని అతని ముఖం మాడిపోయింది.

"ఐదింట్లో నాలుగు పేలాయి కదా. పేలనివి పక్కన పెట్టి వేరేవి ఇద్దాం. అతిథులు ఎల్లుండి వస్తున్నారు ఉస్తాద్."

"ఏది పేలుతుందో, ఏది పేలదో నాకు తెలియదు సాబ్. తెలియనివి నేను ఇవ్వను."

"ఇవ్వమని నేను చెబుతున్నాను."

ఉస్తాద్ నడుముకు కట్టుకున్న తాళంచెవుల గుత్తి విప్పాడు. బల్ల మీద ముదీర్ ముందు పెట్టాడు. గట్టిగా కూడా పెట్టలేదు, చప్పుడు రాలేదు. "అయితే మీ చేత్తో ఇవ్వండి. నా చేతి నుంచి పోవు."

మీకు ఆ రోజుల గురించి ఒక మాట చెప్పాలి. తాళంచెవులు అలా పెట్టడమంటే వీసా పెట్టేయడమే. ముదీర్ ఒక్క ఫోను చేస్తే వారంలో విమానం ఎక్కాలి. ఆయన సంపాదన మీద బతికే ఇంటికి ఇప్పుడు చనిపోయిన అన్న కుటుంబం కూడా కలిసింది. ఆ సంగతి ముదీర్ కూ తెలుసు, నాకూ తెలుసు.

"తప్పు ఎవరిది?" అని అడిగాడు ముదీర్.

"నాది" అన్నాడు ఉస్తాద్. "చూడకుండా నింపాను."

నేను గోడకు ఆనుకుని ఉన్నాను. ఇక్కడ నేను ధైర్యవంతుడిలా వెంటనే ముందుకొచ్చానని రాసుకోవచ్చు, అడిగేవాడు లేడు. కానీ ముదీర్ గుమ్మం దాకా నడిచి వెళ్లిన తర్వాతే నోరు విప్పాను. "సాబ్, ఖోకాలు కడిగింది నేను. కిరసనాయిలు నేనే పోసిన. సాఫ్ అని అబద్ధం చెప్పిన."

ముదీర్ ఆగి, నన్ను పైనుంచి కిందికి చూసి, ఉస్తాద్ తో అన్నాడు, "శుక్రవారం మధ్యాహ్నానికి తూటాలు ఉండాలి. లేకపోతే ఇద్దరూ ఖలాస్." తాళంచెవులు ముట్టుకోకుండానే పోయాడు.

ఉస్తాద్ నన్ను తిడితే బాగుండుననిపించింది. ఆయన స్టూలు మీద కూర్చుని తన చిటికెన వేలి గోరు చూసుకున్నాడు. "నేను నిన్ను అడిగాను, చూడలేదు. అడగడం నా పని కాదు, చూడడం నా పని" అన్నాడు. ఆ తర్వాత, "పెట్రోలు, గుడ్డతో ఇద్దరం కూర్చున్నా శుక్రవారానికి కాదు" అన్నాడు.

అప్పుడు నేను అక్క మాట చెప్పాను. నీళ్ల చుక్కల సంగతి, ఆవిడ ఎప్పుడు చెప్పిందో అదీ చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని, "తీసుకురా ఆమెను" అన్నాడు.

క్యాంటీను వెనక అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"పేలలేదా?" అని తనే అడిగింది.

"పేలలేదక్కా. నువ్వు చెప్తే ఇనకపోతిని."

కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. నేను చెప్పాను కదా అని అనడానికి ఆ రోజూ, ఆ తర్వాత ఎన్నో రోజులూ అవకాశం ఉన్నా, ఆవిడ నోటి నుంచి ఆ మాట రాలేదు. గుల్లలు ఎన్ని, ఎప్పటికి కావాలి, లోపల తడి ఉంటే ఏమవుతుంది, ఇవే అడిగింది. తడి ఉంటే జిడ్డు కంటే ప్రమాదమని చెప్పాను. "అయితే ఆఖరి నీళ్లు మరుగుతూ ఉండాలి. ఇత్తడి వేడెక్కితే దానంతటది ఆరిపోద్ది" అంది. తన గదికి పోయి ఒక పాలపొడి డబ్బా తెచ్చింది. మూత తీస్తే కుంకుడుకాయలు. ఊరి నుంచి తలంటుకు తెచ్చుకున్నవి.

"తలకి రాసిన ఆముదాన్నే వదిలిస్తాయి ఇవి. గొర్రె కొవ్వు ఎంత?"

ఆ బుధవారం ఉస్తాద్ మమ్మల్ని గదిలోకి రానివ్వలేదు. నింపినవన్నీ విప్పి, మందు తీసి, ఖోకాల అడుగున నిప్పు పుట్టించే టోపీలు ఊడదీసే పని ప్రమాదం. ఆయన ఒక్కడే తలుపు వేసుకుని చేశాడు. అతిథులకు కావలసినన్ని మాత్రమే విప్పి ఖోకాలు బయటికి పంపాడు. క్యాంటీను వెనక పొయ్యి మీద పెద్ద డేగిసాలో కుంకుడుకాయలు ఉడికి నురగ కడుతున్నాయి. అక్క ఖోకాలను పలుచటి గుడ్డ సంచుల్లో కట్టి ఆ నురగలో పిసికింది, సంచి మార్చి మంచినీళ్లలో జాడించింది. నేను పుల్లకు గుడ్డ చుట్టి మూతుల లోపల తోమాను. గురువారం పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టాం. ప్రతి ఖోకా మీదా నీళ్లు పోసి చూసేది అక్కే. చుక్క కట్టినది పక్కకు పడేది, నేను మళ్లీ తోమేవాడిని. ఒకటి నాలుగుసార్లు తిరిగొచ్చింది.

"వదిలేద్దామక్కా, ఒక్కటే కద" అన్నాను.

"ఆ ఒక్కటీ ఎవరి ముఖం ముందు పేలుద్దో నీకు తెలుసా?"

ఐదోసారి కూడా తోమాను.

మరిగే నీళ్లలో ముంచి తీసి, రొట్టెలు వేడిచేసే ఓవెన్ తలుపు తీసిపెట్టి సన్నటి సెగలో ఆరబెట్టాం. మధ్యాహ్నం ఉస్తాద్ మొదటి పళ్లెం చూడడానికి వచ్చాడు. అవి మెరవడం లేదు. కుంకుడు నీళ్లకు కాస్త గోధుమ రంగు పట్టి, పాత చెంబుల్లా ఉన్నాయి. ఒకటి తీసుకుని గోరుతో గీకాడు, బొటనవేలితో రాశాడు, కళ్లు మూసుకున్నాడు. పుల్లకు పొడి దూది చుట్టి లోపల తిప్పి, దూదిని చెంపకు ఆనించి చూశాడు, తడి తగులుతుందేమోనని. పళ్లెంలోవన్నీ అలాగే చూశాడు. ఒక్కటీ నా వైపు తిరిగిరాలేదు.

అక్కకు హిందీ అంతంతమాత్రం. ఉస్తాద్ నన్ను అడగమన్నాడు, ఈ పని ఎక్కడ నేర్చుకుందని. నేను చెప్పాను, వాళ్ల నాన్న పెళ్లిళ్ల వంటవాడని. ఆయన తల ఊపి, ఆవిడ ముందు తన కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. నేను ఆ గదిలో పనిచేసిన ఆరేళ్లలో ఆయన ముదీర్ కు కూడా అలా చేయగా చూడలేదు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. "త్వరగా తీసుకెళ్లమను తమ్ముడూ, ఓవెన్ లో రొట్టెలు పెట్టుకోవాలి" అంది.

ఇప్పుడు నేను కూడా కళ్లు మూసుకుని ఒక ఖోకా పట్టుకుని చూశాను. వేలికి ఒకలాంటి పట్టు తగిలింది, సుద్ద రాసిన పలకలాగ. రెండో వేలితో నా పాత ఖోకా ఒకటి రాశాను. జారింది. రెండేళ్లుగా తెలియని తేడా అప్పుడు తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం పోటీకి నన్ను లక్ష్యాల కింద గోతిలో వేశారు. గుండ్లు తలకు పైన చాలా ఎత్తులో బోర్డుల్లోంచి పోతాయి. బోర్డు కిందికి దించి, రంధ్రం ఎక్కడ పడిందో కర్రతో చూపించి, కాగితం అతికించి మళ్లీ లేపాలి. గోతిలోంచి కాల్చేవాళ్లు కనిపించరు. చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఒక్కో చప్పుడుకూ తర్వాతి చప్పుడుకూ మధ్య నేను అంకెలు లెక్కపెట్టుకున్నాను. ఎవరైనా గురి చూడడంలో ఆలస్యం చేస్తే, ఆగిపోయిందేమోనని పైకి చెవి రిక్కించేవాడిని. సాయంత్రం దాకా ఒక్క చప్పుడు కూడా తప్పలేదు. ఆఖరి బోర్డు దించి కాగితం వంకరగా అతికించాను.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. ముదీర్ మా ఇద్దరినీ పంపలేదు. ఉస్తాద్ నన్ను రెండు నెలలు గోతిలోనే ఉంచాడు, గది గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ తర్వాత ఒక రోజు ఏమీ చెప్పకుండా ఖోకాల పళ్లెం నా ముందుకు తోశాడు. కొత్త మోటారు వచ్చింది. అయినా పీపాలోంచి వచ్చిన ప్రతి వాయిలోనూ కొన్నింటిని అక్క దగ్గరికి పంపేవాడు. ఆవిడ నీళ్లు పోసి చూసి సరే అంటేనే ప్రెస్సు దగ్గర కూర్చునేవాడు. అసిస్టెంట్ అనే మాట నాకు ఎప్పటికీ రాలేదు. కొన్నాళ్లకు దాని మీద ఆశ కూడా పోయింది. ఉస్తాద్ మక్రాన్ వెళ్లిపోయాడు. అక్క నాకంటే రెండేళ్ల ముందే ఊరు చేరింది. ఎంతోమంది గొప్పవాళ్లను ఆ క్లబ్బులో దగ్గర్నుంచి చూశాను, వాళ్ల కార్లు తుడిచాను, తుపాకులు మోశాను. ఎవరినైనా తలచుకుని లేచి నిలబడాలనిపిస్తుందంటే మాత్రం ఆ ఇద్దరినే.

ఆ శుక్రవారం సాయంత్రం గెలిచింది ఆ ముత్యాల పెద్దాయనే. బహుమతి ఇచ్చాక ఆయన కప్పు పట్టుకుని నేరుగా మా గదికి వచ్చాడు. ఉస్తాద్ చెయ్యి పట్టుకుని అరబీలో చాలా మాట్లాడాడు. ఉస్తాద్ విని, తల అడ్డంగా ఊపి, నన్ను పిలిచి, ఆయన్ను క్యాంటీను వెనక్కి తీసుకెళ్లమన్నాడు.

అక్కడ సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే, కానీ అతిథుల వల్ల అక్క ఉదయం చర్చికి కూడా పోలేదు. చుట్టూ కడగాల్సిన కప్పులు గుట్టలుగా ఉన్నాయి. తెల్లటి పొడుగు అంగీ, కందూరాలో నిలబడ్డ పెద్దాయన్ను చూసి లేచింది. ఆయన ఏదో చెప్పబోయాడు, ఆవిడకు అరబీ రాదని గుర్తొచ్చి ఆగాడు. వంగి నమస్కారంలాగ తల వంచి, "షుక్రన్" అన్నాడు. నేను తెలుగులో చెప్పేలోపే అక్క పొయ్యి మీదున్న కెటిల్ వంచి, గ్లాసులో చాయ్ పోసి ఆయనకు అందించింది. వెనక గుమ్మానికి వచ్చేవాళ్లందరూ చాయ్ కే వస్తారు మరి. పెద్దాయన ఒక్క క్షణం గ్లాసు వంక చూసి, గెలిచిన కప్పు నా చేతికిచ్చి, ఆ కడగని కప్పుల మధ్య నిలబడే చాయ్ తాగాడు. చివరి చుక్క దాకా తాగి, గ్లాసు రెండు చేతులతో తిరిగిచ్చి వెళ్లాడు.

ఆయన మలుపు తిరిగాక అక్క అడిగింది, ఎవరాయన అని.

"ఇయ్యాల గెలిచినాయన అక్కా. నీకు షుక్రియా చెప్పనీకి వచ్చిండు."

అక్క గ్లాసు నీళ్లలో వేస్తూ ఆ దారి వైపు ఒకసారి చూసింది.

"అయ్యో, ముందే చెప్పొద్దా తమ్ముడూ. పంచదార ఇంకో చెంచా వేసేదాన్ని."